రెక్క కుట్టగా మిగిలిన దారం

“దారం ఇంత ఎలా మిగిలింది?” అన్నారు ఇన్స్పెక్టరు గారు.

“మిగిలితే మెచ్చుకోవాల గానీ, దొంగని సూసినట్టు సూస్తారేటి బావూ?” అన్నాను నేను.

“మెచ్చుకోడానికి నేను మీ అత్తగారిని కాదమ్మా. రెండు రెక్కలకీ ఎంత పడుతుందో లెక్క కట్టి అంతే పంపించారు. అందులో ఇంత ఉండ నా చేతిలో ఉంది. అయితే కుట్లు తగ్గి ఉండాలి, లేకపోతే ముళ్ళు తప్పి ఉండాలి.”

“ఒక్క కుట్టు తగ్గినా నా సెయ్యి నరికీండి. కొసలు పారెయ్యకుండా కుట్టినాను. పొదుపు తప్పేటి?”

“తప్పో ఒప్పో తర్వాత చూద్దాం. ఎక్కడ పొదుపు చేశారో అది చెప్పండి.”

“ఇదెక్కడి సోద్యం బావూ! తక్కువైతే తిడతారు, మిగిలితే తిడతారు.”

ఇంతలో మేనేజరు సత్యం గారు మధ్యకి వచ్చారు. విమానంతో చేలకి మందు చల్లే కంపెనీకి ఆయనే పెద్ద. “సార్, రాజాం వైపు వేరుశనగ చేలన్నీ ఎర్ర గొంగళిపురుగు నమిలేస్తన్నాది. రేపు మధ్యాహ్నానికి రైతులు విమానానికి దారి చూపే జెండాలు పట్టుకుని గట్ల మీద నిలబడతారు. మీరు చూస్తే దారపుండ పట్టుకుని పంచాయితీ పెట్టారు.”

“పురుగు విమానం ఎక్కదు సత్యం గారూ. మనిషి ఎక్కుతాడు,” అన్నారు ఇన్స్పెక్టరు గారు.

ఆ ఉండ ఆయన చేతిలో పెట్టింది నేనే. ఎవరూ అడగలేదు. పెద్ద ఆఫీసు నుంచి వచ్చిన మనిషి ముందు నా జాగ్రత్త చూపించుకోవాలని మూడు వారాలు కొంగున ముడేసి దాచి మరీ ఇచ్చాను. ఇది అరవైల చివర్లో, విజయనగరానికి అవతల, యుద్ధం రోజుల్లో వేసి వదిలేసిన విమానాల మైదానంలో, ఒక తొలకరి మధ్యాహ్నం జరిగిన గొడవ. ఆ సాయంత్రం లోపల ఆయన సంతకం పెడితే మర్నాడు పొద్దున్న విమానం ట్యాంకులో మందుకి బదులు నీళ్ళతో పరీక్షకి పైకి లేస్తుంది. రెక్కల కొసల్లో ఏ దారం ఉందో ఆ మైదానంలో నాకొక్కదానికే తెలుసు.

మా మనవరాలు ఇప్పుడు విమానాలు బాగుచేసే చదువులో చేరింది. తన స్నేహితురాళ్ళు ఇద్దరు మా ఇంటికి వచ్చి, ఆ రోజుల్లో పని ఎలా ఉండేదో రాయమన్నారు. గొప్పలు రాయడానికి నా దగ్గర ఏమీ లేవు. ఉన్నది రాస్తాను.

వల నుంచి రెక్కకి

మాది నౌపడ దగ్గర సముద్రపొడ్డు. చేపలు పట్టే ఇల్లు. మూడో తరగతి దాకా చదివాను. నాలుగులో చేరాల్సిన ఏడాది మా అమ్మ పలక తీసి అటక మీద పెట్టి, నా చేతికి వల అల్లే వెదురు సూది ఇచ్చింది. పెళ్ళయ్యాక మా ఇంటాయనకి ఈ మైదానం కాపలా పని దొరికితే ఇక్కడికి వచ్చాం.

ఒకరోజు కాపలా గది ముందు కూర్చుని పాత వల బాగుచేస్తున్నాను. ఇంజినీరు నరసింగరావు గారు అటు వెళ్తూ ఆగారు.

“ఈ ముడి జారుతుందా?”

“లాగి సూడండి బావూ.”

ఆయన లాగారు. తర్వాత వలని దూలానికి కట్టించి, చెప్పులు విప్పి, దాన్ని పట్టుకుని వేలాడారు. లావాటి మనిషి. ముడి జారలేదు. మర్నాటి నుంచి నాకు ఉద్యోగం.

అప్పటి చిన్న విమానాల రెక్కలకి రేకు ఉండేది కాదు, గుడ్డే. లోపల కర్రతో చేసిన పక్కటెముకలు వరసగా ఉంటాయి. వాటిని రిబ్బులనేవారు. వాటి మీద గుడ్డ కప్పి, పైగుడ్డనీ కింది గుడ్డనీ రిబ్బు చుట్టూ మైనం పట్టించిన దారంతో కలిపి కుట్టాలి. కుట్టుకో ముడి. ఒక ముడి పోయినా పక్క ముడి ఆగాలి. దాని మీద గుడ్డ పట్టీ అంటించి డోపు అనే వార్నీషు పూతలు పూస్తే గుడ్డ డప్పులా బిగుస్తుంది. ఆ వార్నీషు వాసనకి తలపోటు, కళ్ళ మంట. నా ఎడమచేతి చూపుడువేలు ఈనాటికీ సరిగ్గా వంగదు. ఈ పని గాలిలో తేలే పని అనుకుని వచ్చే పిల్లలు ముందు ఇది తెలుసుకోవాలి. మేము నేల మీద మోకాళ్ళ మీదే బతికాం.

సీటు తీస్తే అదే విమానం కాదు

మా విమానం మొదట ఇద్దరు కూర్చుని నడపడం నేర్చుకునేది. కంపెనీ దాన్ని కొని, ముందు సీటు తీసేసి ఆ చోట మందు ట్యాంకు పెట్టి, రెక్కల కింద చిల్లుల గొట్టాలు బిగించాలనుకుంది. నాకది నాలుగు రోజుల పని అనిపించింది. నరసింగరావు గారు బొమ్మలు గీయించి ఢిల్లీకి పంపారు. అవి ఎర్ర పెన్సిలు గీతలతో తిరిగొచ్చాయి. మళ్ళీ పంపారు. మళ్ళీ వచ్చాయి. ఒక ఎండాకాలం అలాగే పోయింది.

“ఓ కుర్సీ తీసి ఓ డ్రమ్ము ఎట్టడానికి ఢిల్లీ ఎందుకు బావూ?” అని అడిగాను.

“గురమ్మా, మీ పడవలో ముందు కూర్చునే మనిషిని దింపేసి ఆ చోట ఉప్పు బస్తాలు వేశావనుకో. అదే పడవేనా?”

“పడవ అదే. నడక మారతాది.”

“మరి పాత నడక చూసి ‘ఈ పడవ మంచిదే’ అని ఒకడు మాటిచ్చాడు. ఆ మాట ఇప్పుడు చెల్లుతుందా?”

“ఎలగ సెల్లుతాది? ఆడు బస్తాలు సూణ్ణేదు గదా.”

“అంతే. సర్టిఫికెట్టంటే ఆ మాటే. మనం ఏది మార్చినా మాటిచ్చినవాడి దగ్గరకి వెళ్ళి మళ్ళీ చూపించుకోవాలి.”

నాకు అర్థమైనంతవరకు ఆ పని ఇలా ఉండేది. ముందు కాగితం మీద బొమ్మ ఒప్పుకోవాలి. తర్వాత బొమ్మలో ఉన్నట్టే చేశామని చూపించాలి. గొట్టాలు వేలాడే పట్టీలకి ఇసుక బస్తాలు కట్టి, వంగుతాయేమో చూశారు. ట్యాంకులో నీళ్ళు నింపి మీట లాగారు. ఆపద వస్తే మందంతా కళ్ళు మూసి తెరిచేలోపు కిందకి పోవాలట. మొదటిసారి మీట లాగితే తలుపు సగమే తెరుచుకుంది. నీళ్ళు పక్కకి చిమ్మి, కొత్త బూట్లు వేసుకొచ్చిన సత్యం గారి కాళ్ళ మీద పడ్డాయి. ఆ తలుపు మూడుసార్లు మార్చాం. నా వంతు పని ఏమిటంటే, గొట్టాల వల్ల రెక్క కింద గాలి చెదురుతుంది కాబట్టి కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం తగ్గించాలి. బొమ్మలో ఇంగ్లీషు నాకు రాదు. నరసింగరావు గారు ఒక కర్రముక్క మీద గాట్లు పెట్టి ఇచ్చారు. ఆ కర్ర ప్రకారం కుట్టాను.

దారం కూడా ఊరికే కొట్లో కొన్నది కాదు. కలకత్తా నుంచి సీలు వేసిన పొట్లంలో వచ్చింది. ఇది ఎక్కడ తయారైంది, ఎంత లాగితే తెగుతుంది అని ఒక కాగితం దానితో ఉండేది. దారానికి జాతకమేమిటని నవ్వుకున్నాను.

పనసకాయ

ఇన్స్పెక్టరు శేషాద్రి గారు మద్రాసు ఆఫీసు నుంచి వచ్చారు. నెల్లూరు మనిషి. సన్నగా, నీళ్ళకావి చొక్కాతో, బడిపంతులులా ఉండేవారు. వచ్చిన రెండో రోజు విమానాన్ని తూకం వేయించారు. మూడు చక్రాల కిందా మూడు త్రాసులు. బరువు ఎంతో ఒక్కటే కాదు, ఎక్కడ ఉందో కూడా తెలియాలి. తోక బరువైతే ముక్కు పైకి లేచి విమానం మాట వినదు.

లెక్క కుదరలేదు. తోక ఉండాల్సినదానికన్నా బరువుగా ఉంది. నరసింగరావు గారు పొద్దుటి నుంచి భోజనాల వేళదాకా కాగితాలు చింపారు. పెట్రోలు పూర్తిగా తోడేశారు. మళ్ళీ తూచారు. అదే తేడా. చివరికి శేషాద్రి గారు బూట్లు విప్పి సీటు వెనక దూరి, ఒక పెద్ద పనసకాయతో బయటికి వచ్చారు.

పైలటు మోహన్ తల గోక్కున్నాడు. ముందురోజు మా ఇంటాయన ఇచ్చిన కాయ. గదిలో పెడితే ఎలుకలు కొడతాయని సీటు వెనక దాచాడట.

“మంచి కాయ సార్. పండితే మీకూ పెడతాను,” అన్నాడు.

“కాయ మంచిదే. నా కాగితంలో లేదు,” అన్నారు శేషాద్రి గారు. ఆయన నవ్వలేదు. మేమంతా పడీ పడీ నవ్వాం. మా ఇంటాయన అయితే రెండు రోజులు చెప్పుకుని నవ్వాడు. నవ్వినవాళ్ళలో ఎక్కువ నవ్వింది నేను. నా దగ్గర పనసకాయ కన్నా పెద్దది దాగి ఉందని అప్పుడైనా తట్టలేదు.

పై అధికారుల గురించి

ఇక్కడ ఉన్నమాట రాయాలి.

అంతకు ముందు ఏటేటా వచ్చే ఇన్స్పెక్టరు ఒకాయన ఉండేవారు. జీపు దిగేవారు కాదు. కొబ్బరిబోండం తాగి, కాగితాలు జీపు ముందు భాగం మీద పెట్టి సంతకాలు చేసి, మా అందరి పిల్లల పేర్లూ అడిగి వెళ్ళేవారు. అందరికీ ఆయనంటే ఇష్టం. నాకూ ఇష్టమే. మా పనిలో అందరికీ ఇష్టమైన ఇన్స్పెక్టరు ఉన్నాడంటే ఎవరో ఒకరు పని మానేశారని అర్థం. మానేసింది ఆయనే.

సత్యం గారు చెడ్డవారు కాదు. సాలూరు లారీలో మందు డ్రమ్ములు వచ్చి షెడ్డు వెనక దిగి ఉన్నాయి. ఊళ్ళ నుంచి రోజూ రైతులు వచ్చి ఆయన గుమ్మం ముందు కూర్చుంటున్నారు. పురుగు చేను నుంచి చేనుకి చీమలబారులా నడుస్తుంది. ఆలస్యమైన ప్రతి రోజూ ఎవరిదో ఒక చేను. ఆ తొందర అబద్ధం కాదు. తొందరపెట్టేవాళ్ళందరూ దుర్మార్గులైతే మన పని తేలికే. కాదు కాబట్టే కష్టం.

నరసింగరావు గారిది మంచి చెయ్యి, మంచి మనసు. నాకు అన్నం పెట్టింది ఆయన. ఆయనకి ఒకటే లోపం. నమ్మితే ఇంక చూసేవారు కాదు. రెక్క కుట్లన్నీ అయ్యాక, పట్టీ అంటించక ముందు, ప్రతి రిబ్బూ కంటితో చూసి ‘చూశాను’ అని పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆయన మొదటి ఆరు రిబ్బులు చూశారు. “గురమ్మ కుట్టాక చూసేదేటి?” అని సంతకం పెట్టేశారు. ఆ మాటకి నేను ఆ పూట అన్నం తినకపోయినా కడుపు నిండిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. మిమ్మల్ని నమ్ముతున్నామనే పైవాళ్ళని నమ్మకండి. చూడమని పోరండి.

సముద్రం చూసిన నూలు

నా తప్పు ఏమిటంటే ఇది.

మా ఇళ్ళలో వల పాతబడితే పారెయ్యం. చినిగిన చోటు కోసేసి, మిగతాది ముడి ముడీ విప్పి, నూలు కడిగి, ఆరబెట్టి, కొత్త వలలో కలుపుతాం. కొత్త నూలు ఎలాంటిదో ఎవరికి తెలుసు? పాతది సముద్రం చూసి, చేప బరువు మోసి, ఆగింది. ఆగినదాని కన్నా గట్టిది ఉంటుందా? మా అమ్మ అదే అనేది, వాళ్ళమ్మా అదే అనేది.

గొట్టాల కోసం రెక్కల పాత గుడ్డ విప్పినప్పుడు పాత దారం చేతికొచ్చింది. పొడుగు పొడుగు ముక్కలు. పారెయ్యడానికి మనసొప్పలేదు. మధ్యాహ్నాలు కూర్చుని ముళ్ళు విప్పాను, గోరువెచ్చని నీళ్ళలో కడిగాను, తేనెమైనం మళ్ళీ పట్టించాను. చూస్తే కొత్తదానికీ దీనికీ తేడా తెలియలేదు. రెక్క నడుముకి కొత్త దారమే వాడాను. అక్కడ మా ఇంటాయన అవతల నిలబడి సూది అందుకునేవాడు. కొసల్లో రిబ్బులు సన్నం, ఒక్కదాన్నే అటూ ఇటూ తిరిగి కుట్టగలను. రెండు రెక్కల కొసల్లోనూ నాలుగేసి రిబ్బులకి పాత దారం వేశాను. గాలిలో ఇన్నేళ్ళు ఆగింది కదా అనుకున్నాను. దొంగతనంగా చెయ్యలేదు. చెప్పాలనీ తోచలేదు. మిగిలిన కొత్త దారం వచ్చే ఏటికి పనికొస్తుందని ఉండ చుట్టి దాచాను.

శేషాద్రి గారు “ఎక్కడ పొదుపు చేశారు” అన్న క్షణంలో నాకు తెలిసింది, అది చెప్పకూడని జవాబని. నరసింగరావు గారి ముఖం చూశాను. ఆయన ‘చూశాను’ అని సంతకం పెట్టిన పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. నోరు విప్పితే ముందు పోయేది నా కూలి కాదు, ఆయన లైసెన్సు.

వేలితో లెక్క

శేషాద్రి గారు రెక్క కింద చాప పరిపించుకుని వెల్లకిలా పడుకున్నారు. పట్టీ కింద కుట్లు చిన్న చిన్న పొక్కుల్లా తగులుతాయి. ఒక్కొక్క పొక్కూ వేలితో తడుముతూ, కర్రముక్కతో ఎడం కొలుస్తూ, రెండు రెక్కల కుట్లూ లెక్కపెట్టారు. చొక్కా అంతా చెమట. సత్యం గారు నాలుగుసార్లు గడియారం చూసుకున్నారు.

లెక్క సరిపోయింది. ఒక్క కుట్టు తగ్గలేదు.

“చెప్పానా? మా గురమ్మ చెయ్యి సార్ అది,” అన్నారు నరసింగరావు గారు. ఆయన గొంతులో సంతోషం విని నాకు చచ్చిపోవాలనిపించింది.

“ఇంకేటి సార్, సంతకం!” అన్నారు సత్యం గారు.

శేషాద్రి గారు లేచి కూర్చున్నారు. “కుట్లు సరిపోయాయి. దారం మిగలకూడదు. రెండూ ఒకేసారి నిజం కావు,” అని దారపుండని అటూ ఇటూ దొర్లించారు. తర్వాత నా వైపు తిరిగారు. అందరి ముందూ కాదు, కొంచెం పక్కకి పిలిచి మెల్లగా అడిగారు.

“అమ్మా, మీరు కోపం తెచ్చుకోకండి. రేపు ఈ రెక్కల మీద ఒక మనిషి వెళ్తాడు. నాకు తెలియనిది, మీకు తెలిసినది ఏమైనా ఉందా?”

“నేదు బావూ,” అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. “సరే, సాయంత్రం ఆరింటికి చెప్తాను,” అని విశ్రాంతి గదికి వెళ్ళిపోయారు.

మూడు ముక్కలు

నేను కాపలా గదికి వచ్చాను. చూరులో ఇంకా మూడు పాత దారం ముక్కలు దోపి ఉన్నాయి. మా ఇంటాయన అన్నం పెట్టుకుని తింటున్నాడు.

“ఏటే, అలగున్నావు?”

“ఇది పట్టుకో. గట్టిగా లాగు.”

ఒక ముక్క ఆయన అటూ నేను ఇటూ పట్టుకుని లాగాం. ఆగింది. రెండోది తడిపి లాగాం, వల నూలు చూసినట్టు. ఆగింది. నాకు కొంచెం ఊపిరి వచ్చింది. మూడోది లాగితే టప్పున మధ్యలో తెగింది. గుమ్మంలో వెలుతురికి పెట్టి చూశాను. పాత ముడి ఉండే చోట గోరుతో గీకితే మైనం కింద నుంచి గోధుమరంగు పొడి రాలింది. నూలు ఎండకీ వార్నీషుకీ లోపల్లోపల కాలిపోయింది. నేను పూసిన మైనం అది కనపడకుండా చేసింది.

“ఇదేనా రెక్కల్లో ఏసినావు?” అన్నాడు మా ఇంటాయన.

“కొసల్లో.”

“రెండు ఆగినాయి గదే. అక్కడున్నవి ఆగేవే అయ్యుంటాయి.”

“ఏవి ఆగేవో నీకు తెలుసేటి?”

“నాకెలగ తెలుస్తాది?”

“నాకూ తెల్దు.”

“మరి నరసింగరావు బావు ఏటవుతాడు? ఆరు రూకల కూలి మనిషివి, నిన్ను తెచ్చి నిలబెట్టినాడు. ఆయన మెడకే సుడతావా?”

వల సముద్రంలో తెగితే లాక్కొచ్చి ఒడ్డున బాగుచేసుకుంటాం. పోయినవి చేపలే. రెక్క గుడ్డ పైన లేచిపోతే ఏ ఒడ్డుకి లాగుతాం? అంతే ఆలోచించాను. ధైర్యం వచ్చి వెళ్ళలేదు. ఆరు కాబోతోందని వెళ్ళాను.

విశ్రాంతి గదిలో శేషాద్రి గారు, సత్యం గారు, నరసింగరావు గారు ముగ్గురూ ఉన్నారు. శేషాద్రి గారి ముందు కాగితం, చేతిలో కలం. తెగిన ముక్క బల్ల మీద పెట్టాను.

“కొసల్లో ఎనిమిది రిబ్బులకి పాత దారం ఏసినాను బావూ. ఇలాటిదే.”

సత్యం గారే ముందు తేరుకున్నారు. “ఒసే, నీకేమైనా దెయ్యం పట్టిందా? ఇప్పుడా సెప్పడం?”

శేషాద్రి గారు మిగతా రెండు ముక్కలు కూడా అడిగి తీసుకున్నారు. ఒకటి తన శక్తికొద్దీ లాగారు. తెగలేదు. సత్యం గారికి ప్రాణం లేచొచ్చింది. “చూశారా! ఆగుతుంది సార్.”

“ఆగవచ్చు. ఆగుతుందని నాకు తెలియదు. తెలియనిదాని మీద నేను సంతకం పెట్టను,” అన్నారు. నా వైపు తిరిగి, “మధ్యాహ్నం అడిగినప్పుడు లేదన్నారు,” అన్నారు.

“అన్నాను.”

“ఎందుకని?”

నేను నరసింగరావు గారి వైపు చూడలేదు. అయినా ఆయనకి అర్థమైంది. “నా కోసం సార్. నేను రిబ్బులు చూడలేదు. చూశానని రాశాను,” అని ఆయనే అన్నారు. అలసిపోయిన మనిషి బస్తా దించినట్టు అన్నారు.

శేషాద్రి గారు నన్ను మెచ్చుకోలేదు, తిట్టలేదు. సంతకం పెట్టాల్సిన కాగితం మడిచి, వేరే కాగితం తీసి రాయడం మొదలుపెట్టారు. ఎనిమిది రిబ్బులే కాదు, రెండు రెక్కల గుడ్డా మొత్తం తీసెయ్యాలన్నారు. ఏది ఎక్కడ ఉందో చెప్పే మనిషి ఇవాళ ఒకసారి అబద్ధం చెప్పింది కాబట్టి, ఆమె మాట మీద ఏ రిబ్బూ వదలనన్నారు. నాకు ఆ మాట తగిలింది. కానీ న్యాయమే. పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పగలిగింది ఇదొక్కటే. మీరు ఒక్కసారి లేదన్నాక, తర్వాత చెప్పే నిజం కూడా సగం ధరకే పోతుంది.

మర్నాడు

పొద్దున్న చినుకు లేదు, గాలి లేదు. ఎగరడానికి అంతకన్నా మంచి పూట దొరకదు. మోహన్ తోలు టోపీ చేత్తో పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. సంగతి అతనికి చెప్పారు. నా దగ్గరదాకా వచ్చి, టోపీ మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు.

ఏడింటికి రాజాం వైపు నుంచి ఎనిమిదిమంది రైతులు వచ్చారు. సత్యం గారు వాళ్ళకి ఏం చెప్పారో నాకు వినపడలేదు. ఒక ముసలాయన మాత్రం షెడ్డు దాకా వచ్చాడు.

“ఎన్నాళ్ళు పడతాది తల్లీ?”

“కొత్త దారం రావాల. గుడ్డ కప్పాల. పూతలు ఆరాల. మూడు వారాలు.”

“మూడు వారాలకి మా సేనులో ఏటుంటాది?” అన్నాడు. నన్ను తిట్టలేదు. వెనక్కి వెళ్ళి మిగతావాళ్ళతో ఏదో అన్నాడు. పురుగుని చేత్తో ఏరి గుంటల్లో కప్పెట్టడానికి ఆడా మగా అందరూ దిగాలని మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.

ఎనిమిదింటికి శేషాద్రి గారు రైలుకి బయలుదేరారు. నరసింగరావు గారు లైసెన్సు పుస్తకం తెచ్చి ఆయన చేతికిచ్చారు. ఇన్స్పెక్టరు గారు దాన్ని సంచిలో పెట్టుకుని, జీపెక్కి వెళ్ళిపోయారు.

నేను ఎడమ రెక్క దగ్గర కత్తెర పట్టుకుని నిలబడ్డాను. కొయ్యమని చెప్పే అధికారం ఇప్పుడు ఎవరికుందో నాకు తెలియలేదు. నరసింగరావు గారు వచ్చి రెక్కకి అవతలివైపు నిలబడ్డారు. గుడ్డ కొస రెండు చేతులా బిగించి పట్టుకున్నారు. నా ముఖం చూడలేదు.

“కొయ్యి గురమ్మా,” అన్నారు.

కోశాను.